బస్సు మీద రాత

2016 జూన్ 23న బ్రిటన్‌లో ఓటేసినవాళ్లలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్‌కు దణ్ణం పెట్టేశారు. యూనియన్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నాం, ఆ సొమ్ము మన ఆసుపత్రులకే ఇచ్చుకుందాం అని విడిపోదామన్నవాళ్లు ఎర్ర బస్సు మీద రాసి ఊరూరా తిప్పారు మరి. అందులో రాయితీ కింద మినహాయించుకునేది ఎంత, తిరిగొచ్చేది ఎంత అన్నది రాయడానికి, పాపం, అంత పెద్ద బస్సు మీద చోటు చాలలేదు!

అందరిలోకీ కార్న్‌వాల్ కౌంటీది గడుసుతనం. పోదాం పదండని ఓటేసింది. ఫలితం రాగానే, యూనియన్ ఇచ్చే నిధులకు మాత్రం లోటు రానివ్వకండని అక్కడి కౌన్సిల్ హామీ అడిగింది. విడాకులు ఇప్పించండి, పండక్కి అల్లుడి మర్యాదలు ఆపకండి!

ఇక లాభాలు. ఆస్ట్రేలియాతో సొంత ఒప్పందం వల్ల జీడీపీ దీర్ఘకాలంలో 0.08 శాతం పెరుగుతుందని ప్రభుత్వమే లెక్కగట్టింది. యూనియన్‌ను వీడడం, అదే బ్రెగ్జిట్, వల్ల ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని ఆ దేశ బడ్జెట్ పర్యవేక్షణ సంస్థ అంచనా. తీసివేతలు వచ్చినవాళ్లు చేసుకోవచ్చు. సార్వభౌమత్వానికి గుర్తుగా నీలం పాస్‌పోర్టు కూడా వచ్చింది. కాంట్రాక్టు ఫ్రెంచ్ కంపెనీది, తయారీ పోలండ్‌లో.

వలసలైనా తగ్గాయా? యూరప్ వాళ్లు తగ్గారు. కానీ 2021లో విదేశీ విద్యార్థులను చదువయ్యాక రెండేళ్లు ఉండనిచ్చే వీసా తెచ్చారు. 2023 నాటికి నికర వలసలు ఏడాదికి 9 లక్షలు దాటాయి. బ్రెగ్జిట్‌తో బాగుపడిందెవరని లండన్‌లో ఇంకా వాదించుకుంటున్నారు. అమీర్‌పేట కన్సల్టెన్సీలను ఒక్కమాట అడిగితే పోలా?