నాణ్యతకు మారుపేరు: సటీక, సతాత్పర్యం

అవతారిక: రాజమండ్రిలో పెళ్లివంటలు ఒప్పుకునే ఒకానొక కాంట్రాక్టరు తన వెబ్‌సైటు మొదటి పేజీలో పలికిన గద్యమిది. కూతురి పెళ్లి కుదిరిన గృహస్థు రాత్రి భోజనమయ్యాక కళ్లజోడు పెట్టుకుని ఫోనులో దీన్ని తెరిచాడని సందర్భం.

మూలం: “స్వాగతం! నాణ్యతకు మారుపేరు మేము. మీ సంతృప్తే మా లక్ష్యం. అన్ని రకాల సేవలు అందుబాటు ధరల్లో. వివరాలకు ఇక్కడ నొక్కండి.”

ప్రతిపదార్థం:

స్వాగతం = రండి అని. వచ్చినవాడే దీన్ని చదువుతాడు గనుక ఇది చెప్పక్కర్లేని మాట.

నాణ్యతకు = మేలిమికి. కూర మేలిమా, సిమెంటు మేలిమా అన్నది అధ్యాహారం.

మారుపేరు = ఇంకో పేరు. అసలు పేరు పైన బంగారురంగు మెలికల అక్షరాల్లో ఉంది. చదవడం దుస్సాధ్యం కాబట్టి మారుపేరే శరణ్యం.

మేము = బహువచనం. ఫొటోలో ఉన్నది ఒక్కరే గనుక గౌరవార్థకమని గ్రహించాలి.

మీ సంతృప్తే = మీ తృప్తి మాత్రమే. డబ్బు మీద ఆశ లేదని ధ్వని. అతిశయోక్తి అలంకారం.

అన్ని రకాల సేవలు = సమస్తమూ. అన్నప్రాశన మొదలు తద్దినం దాకా అని కొందరు. ఏసీ రిపేరు కూడా అని మరికొందరు.

అందుబాటు ధరల్లో = చేతికందే ధరలకు. ఎవరి చేతికి అన్నది టీకాకారుడికీ అంతుబట్టలేదు.

ఇక్కడ = ఎక్కడ? ఫోను తెర మీద ఆ బొత్తం వాట్సాప్ గుర్తు కింద సగం దాగి ఉంది. గృహస్థు నొక్కిన ప్రతిసారీ వాట్సాపే తెరుచుకున్నది.

తాత్పర్యం: ఈ గద్యంలో ‘వంట’ అన్న మాటే లేదు. బోరు మోటార్ల షాపు వాళ్లు దీన్ని ఎత్తుకెళ్లి పెట్టుకున్నా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. తార్కికులు దీన్నే అతివ్యాప్తి దోషమన్నారు: లక్షణం తనకే కాక ఊళ్లో అందరికీ వర్తించడం.

విశేషాలు: శాస్త్రగ్రంథం మొదలుపెట్టేవాడు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ ముందే తేల్చాలని పూర్వుల నియమం. అనుబంధ చతుష్టయమంటే ఇదే. మొదటి తెరకు ఇంతకు మించిన కొలబద్ద అక్కర్లేదు. విషయం: చేసే పనేమిటి? ప్రయోజనం: గృహస్థుకు ఏ తిప్పలు తప్పుతాయి? సంబంధం: ఆ పని ఎలా జరుగుతుంది, సరుకులెవరివి, అడ్వాన్సెంత? అధికారి: ఏ ఊళ్లవారికి, ఎంతమంది భోజనాలకు?

పూర్వపక్షం: “ధర రాస్తే పోటీవాడు చూస్తాడు కదా?”

సిద్ధాంతం: పోటీవాడికి మీ ధర ఎప్పుడో తెలుసు. తెలియనిది పెళ్లివారికే. పూర్తి లెక్క చెప్పలేకపోతే ‘ఇంత నుంచి’ అని మొదలు ధరైనా రాయాలి. అదీ లేకపోతే ఖరీదు మనకు మించిందేమోనని అడగకుండానే వెళ్లిపోతారు.

పూర్వపక్షం: “ఫోన్ నంబరు ఇచ్చాం కదా?”

సిద్ధాంతం: ఇచ్చారు, బొమ్మలో. బొమ్మలోని అంకెలను నొక్కితే ఫోను కలవదు. చదివిపెట్టే సాఫ్ట్‌వేర్‌తో ఫోను వాడే చూపులేనివారికి అది వినబడకపోవచ్చు. నంబరును మామూలు అక్షరాల్లో లింకుగా పెడితే ఒక్క నొక్కుతో సరి.

పరిష్కృత పాఠం (అంకెలు నమూనాకు): “రాజమండ్రికి 40 కిలోమీటర్ల లోపు పెళ్లిళ్లకూ ఉపనయనాలకూ శాకాహార భోజనం వండి వడ్డిస్తాం. 100 మంది నుంచి 1,500 మంది దాకా. విస్తరికి 350 రూపాయల నుంచి. పనసపొట్టు కూర, పూతరేకులు కలిపితే 420. సరుకులు, వడ్డించేవాళ్లు, అరిటాకులు మావి. నీళ్లు, వంటకు చోటు మీవి. ఫోన్: ఉదయం 9 నుంచి రాత్రి 8 వరకు.”

ఇందులో ‘నాణ్యత’ అన్న మాట లేదు. ఉండాల్సిన పనీ లేదు.

టీకాకార ప్రమాణం: కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదకు ప్రాంతపు కొల్చారం వాడని ప్రసిద్ధి. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చుకున్నాడు. మొదటి మాట ప్రకారం, నెట్‌లో దొరికిన పరదేశపు విందు ఫొటో తీసేసి, మొన్నటి పెళ్లిలో మీరు వడ్డించిన విస్తరి ఫొటో పెట్టాలి; ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు కనబడాలి. రెండో మాట ప్రకారం, చదవబోయేలోగా జారిపోయే స్లైడరూ, అధినేత సందేశమూ, ఎప్పుడో గడిచిపోయిన సంక్రాంతి ఆఫరూ పోవాలి.

ఫలశ్రుతి: ఈ పాఠాన్ని శ్రద్ధగా మొదటి పేజీలో నిలిపినవారికి “మీరేం చేస్తారండీ?” అనే ఫోన్లు తగ్గి, “మాఘమాసంలో మాకా రోజు కుదురుతుందాండీ?” అనే ఫోన్లు పెరుగును.