ఒకటిన్నర గిగాబైట్ల సంసారము
2005వ సంవత్సరమున థింక్‌ప్యాడ్ ఎక్స్41 టాబ్లెట్టను నామముతో లోకమున ప్రవేశించిన నాకు కీబోర్డును కలదు, పలక లక్షణమును కలదు. నా తెర ఒక్క కీలుపై తిరిగి ఆ కీబోర్డుపైననే వెల్లకిల పరుండును. నా వాకమ్ కలము, తనలో బ్యాటరీ లేకున్నను, తెర పుట్టించు విద్యుదయస్కాంత క్షేత్రమునుండియే శక్తిని గ్రహించి వ్రాయును. నన్ను కొనిన గణితోపాధ్యాయుడు సమాకలన చిహ్నములను స్వహస్తముతో వ్రాయవలెనను మక్కువచేతనే నన్నేరుకొనెను గాని, నా వేగమును చూచి కాదు.

నా మదర్‌బోర్డున 512 మెగాబైట్ల ర్యామ్ పుట్టుకతోనే టంకముతో అతుకబడి యుండెను. ప్రక్కనున్న స్లాటు మాత్రము ఖాళీ. తొలినాళ్లలో విండోస్ ఎక్స్‌పీకి ఆ ర్యామే చాలినది. కాని, రానురాను వెబ్ పుటలు బరువెక్కి, బ్రౌజరొక్కటియే నా స్థలమునంతను ఆక్రమింపగా, ఇమడనిదానిని హార్డుడిస్కునకు తరలించుచు, మరల నక్కడినుండి తెచ్చుకొనుచు నేను అలసిపోవుచుంటిని. ఆ డిస్కో, నిమిషమునకు 4200 మార్లు తిరుగు 1.8 అంగుళముల అల్పప్రాణి. ఇరుకు వంటింటి ఇల్లాలు ప్రతి గిన్నెకును అటకనెక్కి దిగినట్లుండెను నా బ్రతుకు. గీచిన గీత తెరపై తోచునప్పటికి ఉపాధ్యాయుని చేయి తరువాతి పంక్తికి పోయెడిది. "ముసలిదైపోయింది" అని ఇంటివారు తీర్పు చెప్పిరి. అది వార్ధక్యము కాదు, చోటు చాలమి; ఈ భేదమెరుగనివారి చేతులలో ఎన్ని యంత్రములు అకాలమున పాతసామానులో కలిసినవో!

ఉపాధ్యాయుడు మాత్రము ర్యామ్ పెంచించుటకై నన్ను సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు కొనిపోయెను. దుకాణపు కుర్రవాడు నన్ను బోర్లించి, "సార్, దీనికి డీడీఆర్ టూ ఒక్కటే పడతది, త్రీ పట్టదు" అనెను. నిజమే: మొదటిది 1.8 వోల్టుల, 200 పిన్నుల జాతి; రెండవది 1.5 వోల్టుల, 204 పిన్నుల జాతి. గాట్లు వేరగుటచే నొకదాని చోట వేరొకటి దూరనే దూరదు. బ్యాటరీ తీసి, అడుగు మూత విప్పి, ఒక గిగాబైటు ర్యామును ఏటవాలుగా చొనిపి అదుమగా, ఇరువైపుల కొక్కెములు టక్కున పట్టుకొనెను. ఒకటిన్నరయే నాకు పరమావధి. అందును గ్రాఫిక్సు తన భాగమును ముందే తీసికొనును.

నాటినుండి గీత కలము వెంటనే నడచుచున్నది. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి భద్రతా సవరణలు నిలిచిపోయినవి గనుక ఉపాధ్యాయుడు నన్ను ఇంటర్నెట్టు గడప తొక్కనీయడు. అనంతశ్రేణులకు దానితో పనియేమి? మొన్న మనుమడు తన పలుచని టాబ్లెట్టును తెచ్చి, "తాతయ్యా, దీనికీ ర్యామ్ వేయించవూ?" అనగా, ఆయన దానిని త్రిప్పి త్రిప్పి చూచెను. మూత లేదు, స్క్రూ లేదు, లోపల సర్వమును టంకమే. నాకు కొంత గర్వము కలిగిన మాట దాచను.