రసీదు

హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను కోసం మా వైపు జనం ఎంతసేపైనా కూర్చుంటారు. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. "కాటి సీనుకి లేపండర్రా" అని ఇంట్లో చెప్పి పడుకునే ముసలివాళ్ళుండేవారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోకి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాక ఆ సీను బలం ఇంకా పెరిగింది. నాటకం మొత్తం ఒక్క గొంతు మొయ్యలేదు గనక కాంట్రాక్టు నాటకాల్లో హరిశ్చంద్రుణ్ణి పంచేస్తారు. కొలువులో కూర్చునేది ఒకరు, కాశీ వీధిలో ఆలిని అమ్ముకునేది ఒకరు, గొంగళి కప్పుకుని కాటికి కాపలా కాసేది ఇంకొకరు. పేరున్నవాణ్ణి చివరిదానికే పిలుస్తారు.

1988 శ్రీరామనవమికి మేం పిలిచిన కాటి హరిశ్చంద్రుడు రాలేదు.

ఏడాది ముందు వచ్చిందీ ఆయనే. ఆ రాత్రి మా ఊళ్ళో ఏడవని మనిషి లేడు. రెండు పద్యాలకి వన్స్ మోర్ కొట్టి పాడించారు. మా నాయనమ్మ పందిట్లోంచి ఇంటికొచ్చి, నిద్రపోతున్న మా తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకుని తెల్లారేదాకా అలాగే కూర్చుంది. ఆట అయ్యేసరికి కోడి కూసింది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. అక్షరం గుండ్రంగా ఉంటుందని కమిటీలో లెక్కలు, కాగితాలు నాకప్పగించారు. మైకు సెట్టు వాడికి, డ్రెస్సుల కాంట్రాక్టరుకి, ఆర్టిస్టులకి ప్రెసిడెంటు చెబుతుంటే నిద్రమత్తులోనే ఏవేవో చీటీలు రాసిచ్చి ఇంటికెళ్ళి పడుకున్నాను. లేచేసరికి పందిరి విప్పేశారు.

అందుకే ఈ ఏడు మళ్ళీ ఆయనే కావాలని ఊరంతా పట్టుబట్టింది. పదిహేను వందలకి మాట్లాడి, అయిదు వందలు అడ్వాన్సు ఏజెంటు చేతికిచ్చాం. చందా ఇవ్వలేనివాళ్ళు ధాన్యం కొలిచారు. కరపత్రంలో ఆయన పేరు మిగతావాళ్ళకంటే పెద్ద అక్షరాల్లో వేయించాను.

పది గంటలకి తెర లేచింది. ఆయన సాయంత్రం బస్సులో దిగలేదు. రాత్రి ఆఖరి బస్సుకి వస్తాడన్నారు. ఆ బస్సు కూడా వచ్చి వెళ్ళిపోయింది. రోడ్డు మీద సైకిలుతో నేను, నాతో ఇద్దరు కుర్రాళ్ళు. ఒంటిగంటదాకా అక్కడే నిలబడ్డాం. దూరంగా లైటు కనపడితే చాలు, ఆయనే అనుకునేవాళ్ళం. లారీ అయ్యేది.

ఇటు పందిట్లో కాశీ సీను సాగదీశారు. నక్షత్రకుడు పాడిన పద్యమే మళ్ళీ పాడాడు. హార్మోనియం ఆయన తనకొచ్చిన రాగాలన్నీ వాయించాడు. చంద్రమతి వేషం వేసినావిడ తెర వెనక చెక్కపెట్టె మీద కూర్చుంది. ఆవిడ ఒళ్ళో లోహితాస్యుడు, ఆరేళ్ళ పిల్లాడు, మొహాన రంగుతోనే నిద్రపోయాడు. "వస్తారా బాబూ ఆయన?" అని నన్ను మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వస్తారనే చెప్పాను.

రెండున్నరకి ఇక దారి లేక కొలువు హరిశ్చంద్రుణ్ణే బతిమాలాం. "నా గొంతు కాటికి చాలదండీ" అని ఆయన చేతులు పట్టుకున్నాడు. అయినా మా మొహాలు చూసి గొంగళి కప్పుకుని వెళ్ళాడు. రెండో పద్యం పైకెత్తగానే గొంతు పగిలింది. పాపం, ఆయన తప్పేం లేదు. ఆ పద్యాలు పాడేవాడు వాటికోసం సాయంత్రం నుంచీ గొంతు దాచుకుంటాడు. ఆయన అప్పటికే కొలువు సీనంతా పాడి ఉన్నాడు.

జనం అరవలేదు. అరిచినా బాగుండేది. చాపలు చుట్టుకుని ఒక్కొక్కరే లేచారు. పక్క ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద వచ్చినవాళ్ళు ముందు కదిలారు. చంద్రమతి బిడ్డ శవాన్ని ఎత్తుకుని స్టేజీ ఎక్కేసరికి ముందు వరసలో మా నాయనమ్మ, ఇంకో పదిమంది ఉన్నారు. వెళ్తూ వెళ్తూ ఓ పెద్దాయన నా దగ్గర ఆగి, "మాట మీద నిలబడ్డవాడి కథ చెప్పడానికి మాట తప్పినవాణ్ణి పిలిచార్రా" అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

పొద్దున్నే ప్రెసిడెంటు ఇంటికెళ్ళి, తెనాలి వెళ్ళి అడ్వాన్సు కక్కించుకొస్తానన్నాను. ఆయన "పోనీలేరా, అయిదు వందలేగా" అన్నాడు. అలా ఎలా వదులుకుంటాం? అందులో కూలికెళ్ళి తెచ్చిచ్చిన డబ్బుంది. ఒక నటుడు రాకపోతే పోయేది అడ్వాన్సు ఒక్కటే కాదు. ఏడాదికొక్క రాత్రి ఊరంతా ఒకచోట కూర్చుంటుంది. ఆ రాత్రి పోతుంది. ఇప్పటికీ నేనదే అంటాను.

రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి తెనాలిలో దిగాను. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను. విశ్వామిత్రుడి బాకీ కోసం రాజు వెంటపడ్డ నక్షత్రకుడిలా గుమ్మంలో కూర్చుని, డబ్బు చేతిలో పడ్డాకే లేవాలని నిశ్చయించుకున్నాను.

ఇల్లు కాలవ పక్క సందులో. పెంకుటిల్లు, ఒకటే గది, ముందు వసారా. ఆయన గోడకానుకుని కూర్చుని ఉన్నారు. రంగూ గడ్డమూ లేకుండా చూస్తే ఎవరో బడిపంతులు అనుకుంటాం. ఊరి పేరు చెప్పాను. తడికె పక్కన బియ్యం ఏరుతున్న ఆయన భార్య తలెత్తి, "ఆ ఊరా" అంది. చేట పట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

నేను కూర్చోలేదు. కూడబెట్టుకున్నదంతా నిలబడే అనేశాను. ట్రాక్టర్ల మీద వచ్చినవాళ్ళ సంగతి, గొంతు పగిలినాయన సంగతి, మా నాయనమ్మ సంగతి. పెద్దాయన అన్న మాట కూడా అన్నాను. అది వద్దనుకుంటూనే అన్నాను.

ఆయన కళ్ళు దించుకుని విన్నారు. అంతా అయ్యాక, "రాలేనని పది రోజుల ముందే ఏజెంటుతో కబురు పెట్టాను బాబూ. మీ ప్రెసిడెంటుగారికి చెప్పానన్నాడు" అన్నారు.

"మాకెవరూ చెప్పలేదు."

"చెప్పి ఉండరు. మీకు తెలిస్తే కరపత్రంలో నా పేరు వేసేవారు కాదు."

"అసలెందుకు రాలేదండీ? ఎక్కువిచ్చే ఊరు దొరికిందా?"

దానికాయన జవాబివ్వలేదు. లోపలికెళ్ళి రేకుపెట్టె తీసుకొచ్చారు. పైన నల్లటి గొంగళి, దాని కింద రంగుల డబ్బా, ఆ కింద ఓ కవరు. కవరు నా చేతిలో పెట్టారు. అందులో వంద నోట్లు అయిదున్నాయి. మేం ఏజెంటుకిచ్చిన నోట్లే. పిన్నుతో సహా అలాగే ఉన్నాయి.

"ఏజెంటు వద్దన్నా ఇక్కడ పెట్టి వెళ్ళాడు. ఆడని ఆటకి డబ్బు నాది కాదు. లెక్క చూసుకోండి" అన్నారు.

చూసుకున్నాను. గెలిచాననిపించింది. కవరు జేబులో పెట్టుకుని మెట్టు దిగబోతుంటే, "బాబూ, ముట్టినట్టు చిన్న రసీదు రాసివ్వండి. ఏజెంటుకి చూపించాలి" అన్నారు.

వసారాలో కూర్చుని రాశాను. శ్రీరామనవమి నాటకం తాలూకు అడ్వాన్సు రూ. 500 వాపసు ముట్టినది. తేదీ వేసి, కమిటీ తరఫున అని రాసి, కింద సంతకం పెట్టాను.

ఆయన ఆ కాగితం వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు. నా మొహం చూశారు. మళ్ళీ కాగితం చూశారు.

"నేనే గుర్తుపట్టలేదు. ఆ వేళప్పుడు మీ కళ్ళు నిద్రతో మూసుకుపోతున్నాయి" అన్నారు.

ఏమిటంటున్నారో నాకర్థం కాలేదు. ఆయన పెట్టె అడుగు నుంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి తీసి, రసీదు పక్కన అరుగు మీద పరిచారు. మడతల దగ్గర చిరుగుతోంది. ఎన్నిసార్లు విప్పి చూశారో.

"పోయినేడు హార్మోనియం ఆయనకి మీ ఊరి తరఫున నేనే అప్పు తెచ్చి ఇచ్చుకున్నాను. దీన్ని నమ్మి తెచ్చాను. అక్షరం చూస్తే చదువుకున్న కుర్రాడిది, మాట తప్పడు అనుకున్నాను" అన్నారు. గొంతు పెంచకుండానే అన్నారు.

చీటీ మీద గుండ్రటి అక్షరాలు. ముందటేడు శ్రీరామనవమి తెల్లవారుజాము తేదీ. బాకీ రూ. 1000 పది రోజుల్లో పంపగలము అని ఉంది. కింద సంతకం నాది.