తీరం లేని దేశాలకు తిమింగలాల బెంగ

మంగోలియాకు గుర్రాలున్నాయి, గొర్రెలున్నాయి, గోబీ ఎడారి ఉంది. సముద్రం లేదు. అయినా 2002లో ఆ దేశం అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్‌లో చేరింది. సహారా ఇసుక మేట వేసిన మాలి 2004లో చేరింది. ఉప్పునీటి చుక్క ఎరుగని లావోస్ 2007లో వచ్చి కూర్చుంది. చేరీ చేరగానే మూడింటికీ తిమింగలాల గురించి గట్టి అభిప్రాయం ఏర్పడింది. చిత్రమేమిటంటే అది అచ్చంగా జపాన్ అభిప్రాయమే.

నవ్వొస్తే కాస్త ఆపుకుని ఎదుటి బల్ల వైపు కూడా చూడాలి. అక్కడ ఆస్ట్రియా, హంగరీ, చెక్ రిపబ్లిక్, స్లొవేకియా, లక్సెంబర్గ్ కూర్చుని ఉంటాయి. వాటికీ తీరం లేదు. డాన్యూబ్ నదిలో ఎదురీది వియన్నా దాకా వచ్చిన తిమింగలమూ లేదు. కానీ వేట మాటెత్తితే చాలు, కూడదంటే కూడదని బల్ల గుద్దుతాయి. యూరోపియన్ యూనియన్ సభ్యులు ముందే కూడబలుక్కుని ఒకే మాట మీద నిలబడడం అక్కడి ఆనవాయితీ. గ్రీన్‌లాండ్, ఫారో దీవుల బాధ్యత మోస్తున్న డెన్మార్క్ మాత్రం కాస్త పక్కకు జరుగుతుంది.

దేశానికి ముందు ప్రయోజనాలుంటాయనీ, వాటిలోంచి విధానం పుడుతుందనీ, ఆ విధానం కోసమే సంస్థల్లో చేరుతుందనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఈ కమిషన్‌లో వరస తిరగబడింది. కుర్చీ ముందు దొరుకుతుంది, అభిప్రాయం తర్వాతి బండిలో వస్తుంది.

1946లో వాషింగ్టన్‌లో ఒప్పందం రాసుకున్నప్పుడు ఇంత సున్నితమైన వ్యవహారం కాదు. తిమింగలాలు అయిపోతే వేట కంపెనీలు మూతపడతాయన్నదే అప్పటి దిగులు. తర్వాత పర్యావరణ ఉద్యమం వచ్చింది. వాణిజ్య వేటను ఆపాలంటే నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. దాంతో 1980 ప్రాంతంలో చిన్న చిన్న దేశాలకు హఠాత్తుగా తిమింగలాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. 1982లో 25 ఓట్లు అనుకూలం, 7 వ్యతిరేకం, 5 తటస్థం. నిషేధం నెగ్గింది. అంతకు ముందు ఏడాదే చేరిన భారత్ కూడా అనుకూలంగానే ఓటేసింది. సభ్యులను చేర్పించి ఓట్లు పోగుచేసే విద్య తొలిపాఠం నేర్పింది పచ్చజెండా వాళ్లే. జపాన్ శ్రద్ధగల విద్యార్థి, అంతే.

ఆనాడు నిషేధానికి చేయెత్తిన సెయింట్ లూసియా, ఆంటిగ్వా తర్వాత జపాన్ సరసకు చేరాయి. ఆనాడు నిషేధం వద్దన్న బ్రెజిల్ ఇప్పుడు తిమింగలాలకు పెద్ద దిక్కు. మారనిది తిమింగలం ఒక్కటే.

డొమినికా ముచ్చట ఇంకా రుచికరం. 2000లో దక్షిణ పసిఫిక్‌లో తిమింగలాల అభయారణ్యం ప్రతిపాదన వచ్చినప్పుడు తటస్థంగా ఉండాలని అక్కడి మంత్రివర్గం అనుకుంది. ఓటు మాత్రం వ్యతిరేకంగా పడింది. జపాన్ సహాయం ఆగిపోతుందన్న ఒత్తిడే కారణమంటూ పర్యావరణ మంత్రి ఆథర్టన్ మార్టిన్ రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది జపాన్ మత్స్యశాఖ అధికారి మసయుకి కొమట్సు ఆస్ట్రేలియా మీడియాతో మాట్లాడుతూ, ఓట్లు రాబట్టేందుకు తమ చేతిలో ఉన్న సాధనాల్లో అభివృద్ధి సహాయం ఒకటన్నట్టు చెప్పి ఊరుకున్నాడు. సహాయానికీ ఓటుకూ ముడి ఉందని జపాన్ ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకోదు. మన మండల పరిషత్ ఎన్నికల ముందు క్యాంపుకెళ్లిన సభ్యులు కూడా విహారయాత్రకనే చెబుతారు.

2006లో సెయింట్ కిట్స్ సమావేశంలో జపాన్ శ్రమ ఫలించింది. నిషేధం ఇక అనవసరమన్న ప్రకటన 33-32 ఓట్లతో నెగ్గింది. ఒక్క ఓటు! అయితే నిషేధం ఎత్తేయడానికి మూడొంతుల ఓట్లు కావాలి కాబట్టి ఆ గెలుపు కాగితం దాటలేదు. 2011లో జెర్సీ సమావేశం మరో సంస్కరణ తెచ్చింది. సభ్యత్వ రుసుం నగదుగానో చెక్కుగానో కుదరదు, సభ్యదేశపు సర్కారు ఖాతా నుంచి బ్యాంకు ద్వారానే రావాలంది. ఎవరి బాకీ ఎవరు కడుతున్నారో తెలియని సంస్థకు తప్ప ఇలాంటి నియమం అవసరం పడదు.

ఇదంతా తిమింగలాల వ్యవహారం చూసే చిన్న కమిషన్ తంతు అనుకుంటే పొరపాటు. భద్రతా మండలిలో రెండేళ్ల కుర్చీ దక్కిన దేశానికి అమెరికా సహాయం సగటున 59 శాతం పెరుగుతోందని కుజియెమ్కో, వెర్కర్ అనే పరిశోధకులు 2006లో లెక్కతేల్చారు. పదవీకాలం ముగియగానే ఆ ఆప్యాయత కూడా దిగిపోతుందట. కుర్చీలో ఉండి నోరు జారితే గతి వేరు. 1990 నవంబరులో ఇరాక్‌పై బలప్రయోగానికి అనుమతిచ్చే తీర్మానాన్ని యెమెన్ వ్యతిరేకించింది. కొద్ది రోజుల్లోనే అమెరికా దాదాపు 7 కోట్ల డాలర్ల సహాయానికి కోత పెట్టింది. సొంత అభిప్రాయం కలిగి ఉండడానికి పేద దేశం చెల్లించిన ధర అది.

జపాన్ చివరికి విసిగిపోయింది. 2018లో బ్రెజిల్‌లోని ఫ్లోరియానోపోలిస్‌లో వాణిజ్య వేటను మళ్లీ అనుమతించాలన్న దాని ప్రతిపాదన 41-27తో వీగిపోయింది. 2019 జూన్ 30న కమిషన్ నుంచి వైదొలిగి, మర్నాడే తన జలాల్లో వాణిజ్య వేట మొదలుపెట్టింది. ఇన్నేళ్లు కూడగట్టిన మిత్రులు మాత్రం హాల్లోనే ఉండిపోయారు, పెళ్లికొడుకు లేచి వెళ్లినా పందిట్లో మిగిలిన మగపెళ్లివారిలా.

ఇంత దౌత్యం దేనికోసం జరిగిందో ఆ మాంసం జపనీయులు ఇప్పుడు పెద్దగా తినడం లేదు. 1960ల తొలినాళ్లలో ఏటా రెండు లక్షల టన్నులు దాటిన వినియోగం ఇప్పుడు కొన్ని వేల టన్నులకు పడిపోయింది. కొనేవాళ్ల కోసం వెతుక్కుంటూ క్యోడో సెన్‌పాకు అనే వేట కంపెనీ 2023 జనవరిలో యోకొహామాలో ఒక దుకాణం తెరిచి, నాణేలేస్తే తిమింగల మాంసం పొట్లాలిచ్చే యంత్రాలు పెట్టింది. ధర వెయ్యి యెన్ల నుంచి మూడు వేల దాకా. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో శాఖ తెరిచే ఆలోచన మాత్రం చేసినట్టు లేదు.