అరుగెక్కని లెక్కలు

కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు సర్వే అంటే గుమ్మం ముందు నిలబడి చేసే పని. కూర్చోమన్నా కూర్చోరు. ఫోను తెరిచి ముందు ఆధార్ నంబరు అడుగుతారు, తర్వాత ఓటీపీ, ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు. జవాబు పూర్తిగా వినకముందే వేలు తెర మీద పడుతుంది. అయిదు నిమిషాల్లో ఒక కుటుంబం లెక్క తేలిపోతుంది. అర్థగణాంక శాఖలో ఉద్యోగమంతా ఈ మెట్ట ఊళ్లలో లెక్కలు సేకరిస్తూ గడిపినవాణ్ణి. ఇది చూస్తుంటే నాకు కడుపు మండుతుంది.

మా రోజుల్లో ఊళ్లోకి పోతే ముందు కరణం గారింటికి వెళ్లేవాళ్లం. 1984లో ఆ వ్యవస్థను రద్దు చేసేదాకా ఊరి లెక్కంతా ఆయన దగ్గరే ఉండేది. అడంగల్ తీసి ముందు పెట్టేవాడు. దాన్ని ఎత్తి రాసుకుని బస్సెక్కితే అది ఆయన లెక్క అవుతుంది గాని మన లెక్క కాదు. అడంగల్లో సజ్జ అని ఉన్న చేలో కంది నిలబడి కనిపించేది. అందుకే చేలోకి దిగాలి. ఇంకొకరు రాసిపెట్టింది తెచ్చుకోవడం వేరు, మన కళ్లతో చూసి, మన నోటితో అడిగి, మన చేత్తో కొలిచి తెచ్చుకోవడం వేరు. పుస్తకాల్లో ప్రాథమిక దత్తాంశం అని రాసేది ఈ రెండోదాన్నే.

అడగడమే చాలా కష్టమైన పని. గణాంకవేత్త మహలనోబిస్ చొరవతో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేలో కేంద్రం వాళ్లు కొన్ని ఊళ్లు చేస్తే, రాష్ట్రం తరఫున మేం మరికొన్ని చేసేవాళ్లం. ఇంటి ఖర్చుల షెడ్యూలు పట్టుకుని కూర్చుంటే గంటలు పట్టేది. నెలకు బియ్యం ఎంత అవుతాయంటే ఇంటాయన, "ఓ బస్తా రాసుకోండి సార్" అనేవాడు. లోపల్నించి ఆమె, "బస్తా యాడిది? కోటా బియ్యం అయిపోయినాక నువ్వు తెచ్చిందెప్పుడు?" అనేది. అక్కడి నుంచి మిగతా ప్రశ్నలన్నీ ఆమెనే అడగాలి. తిండి గింజల లెక్క ఆడవాళ్లకు తెలిసినంతగా మగవాళ్లకు తెలియదు. మానికల్లో చెబితే ఆ ఇంటి మానికే తెప్పించి చూసేవాళ్లం, ఎందుకంటే మానికలన్నీ ఒక్క కొలత కాదు.

ప్రశ్న ఎలా అడిగామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. 1999-2000లో జరిగిన జాతీయ నమూనా సర్వే 55వ విడతలో తిండి ఖర్చును గడిచిన ఏడు రోజులకూ, ముప్ఫై రోజులకూ పక్కపక్క గళ్లలో అడిగించారు. ఒకదానికి చెప్పిన జవాబు రెండోదాన్ని తనవైపు లాగింది. ఆ విడతలో తేలిన పేదరికం లెక్కను పాత విడతలతో పోల్చవచ్చా, కూడదా అని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు ఏళ్లతరబడి వాదించుకున్నారు. అంతా ఒక గడి పక్కన ఇంకో గడి పెట్టినందుకు! ఈ సంగతి ఈనాటి పిల్లలకు శిక్షణలో ఎవరైనా చెబుతున్నారా?

వయసు అడిగితే "యాభయ్యో అరవయ్యో" అనే ముసలమ్మను తొందరపెట్టకూడదు. గాంధీ గారు పోయినప్పుడు నీకు ఊహ తెలుసా అమ్మా? మన తాలూకాను నెల్లూరు నుంచి తీసి ఒంగోలు జిల్లాలో కలిపినప్పుడు (అది 1970) నీ పెద్దకొడుకు ఎంతవాడు? దివిసీమ ఉప్పెన ఏడాది ఎవరి పెళ్లయింది? ఇట్లా నడిపిస్తే అయిదేళ్ల తేడాలోకి వచ్చేది. ఇప్పుడు ఆధార్ మీద ఉన్న పుట్టిన తేదీని ఎక్కించేస్తున్నారు. ఈ వయసు వాళ్లలో ఎంతోమందికి అది జనవరి ఒకటి. ఆ తేదీ ఎట్లా వచ్చిందో అందరికీ తెలుసు, అయినా అదే ఖాయం.

చూడటం సంగతి చెబుతాను. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొట్టమొదట 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే మన నేలల్లోనే. షార్ట్, ఆయనతోటి వైద్యులు దాన్ని వైద్య పత్రికలో ప్రకటించారు. అంతకుముందే ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడం రైతులు గమనించారు. ఎద్దు కుంటుతోందన్న రైతు మాటను విని, మనుషుల పళ్లనూ వెన్నులనూ చూసినవాళ్లు ఉన్నారు కాబట్టి జబ్బు బయటపడింది. అలాంటి కనిగిరిలో ఇప్పుడు "మీ ఇంటికి ముఖ్యమైన తాగునీటి వనరు ఏది?" అని అడిగి ఒక్కటే ఎంచుకోమంటారు. తాగడానికి ప్లాంటు నీళ్ల క్యాను, వంటకు కుళాయి వచ్చిన రోజు కుళాయి నీళ్లు, రాని రోజు బోరు, గొడ్లకు ఎప్పుడూ బోరే. ఆ ఇంటి కష్టమంతా ఈ నాలుగింటిలో ఉంది. పాత షెడ్యూలులో చివర రిమార్కుల గడి ఉండేది, నేను దాన్ని ఖాళీగా వదిలింది అరుదు. ట్యాబులోనూ అలాంటి గడి పెడతారు, తెరిచే తీరికే ఎవరికీ లేదు.

ఇక పంట కోత ప్రయోగం. దాన్ని తలుచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది. ఏ సర్వే నంబరన్నది యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెప్పాలి. చేనికి నైరుతి మూల నిలబడి, పొడుగునా ఇన్ని అడుగులు, వెడల్పునా ఇన్ని అడుగులని ఆ సంఖ్యల ప్రకారమే నడవాలి. ఆగినచోట మేకు కొట్టి అయిదు మీటర్ల చదరం తాడు లాగాలి. మూలకు మూల 7.07 మీటర్లు వచ్చిందో లేదో చూడాలి, రాకపోతే అది చదరం కాదు. కోసి, నూర్చి, తూచి, ఎండబెట్టి మళ్లీ తూచాలి. పాతిక చదరపు మీటర్ల గింజలను నాలుగు వందలతో హెచ్చిస్తే హెక్టారు దిగుబడి. అక్కడ కిలో తేడా పడితే ఇక్కడ నాలుగు క్వింటాళ్లు. మోపాడు చెరువు కింద వరి చేలల్లో రైతులు "ఈ పక్క బాగా ఊసిపోయింది, ఇక్కడ కొయ్యండి సార్" అని బతిమాలేవారు. వాళ్ల బాధ న్యాయమైనదే. అయినా తాడు సంఖ్య చెప్పినచోటే పడాలి. చదరం మరీ చిన్నదైతే అంచు మీది దుబ్బులు లోపలికి చేరి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని గణాంకవేత్త పి.వి. సుఖాత్మే 1940లలోనే తేల్చాడు. ఇప్పుడు జీపీఎస్, ఫొటో ఉన్నాయి. మనిషి చేలో ఉన్నాడని అవి చెబుతాయి, సంతోషం. గట్టు పక్కన వీలుగా ఉన్నచోట తాడు వేశాడా, లెక్క ప్రకారం నడిచాడా అన్నది అవి చెప్పవు. పంటల బీమా మాత్రం చాలావరకు ఆ గింజల మీదే ఆధారపడి ఉంది.

యంత్రాన్ని వద్దనడం లేదు. తల్లి వయసు కొడుకు కంటే తక్కువ పడితే ట్యాబు అక్కడే ఆపుతుంది, మాకు ఆ తప్పు ఆఫీసులో పరిశీలన దాకా వస్తే గాని దొరికేది కాదు. నా గొడవ జనంలోని భయం గురించి. 1948 జనగణన చట్టం ప్రకారం ఇంటివాళ్లు చెప్పింది రహస్యం, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరాదు. ఆ మాట చెప్పి కూర్చుంటే జనం నోరు విప్పేవారు. ఇప్పుడు ఏ సర్వే దేనికో వాళ్లకు తేడా తెలియడం లేదు. ఆధార్ అడగ్గానే "పింఛను తీసేస్తారేమో, కార్డు పోతుందేమో" అని ఉన్న ఎకరాలు తగ్గించి, వేరు కాని కాపురాలు వేరు చేసి చెబుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

2027 జనగణన ఫోన్ల మీద జరుగుతుంది, ఇంటివాళ్లే తమ వివరాలు నింపుకునే వీలూ ఇస్తున్నారు. చదువుకున్న ఇంట్లో అది నడుస్తుంది. మన వెలిగండ్ల, హనుమంతునిపాడు, సీఎస్ పురం ఊళ్లలో మనుషుల్ని లెక్కించే ఫిబ్రవరి నాటికి సగం ఇళ్లకు తాళాలుంటాయి. జనం హైదరాబాదులోనో బెంగుళూరులోనో కట్టుబడి పనుల దగ్గర రేకుల షెడ్లలో ఉంటారు. అక్కడ లెక్కించేవాడు ఊరు వెళ్లి చెప్పుకోండి అంటాడు, ఇక్కడివాడు తాళం చూసి పక్కింటాయన్ని అడిగి రాసుకుంటాడు. ఆ పక్కింటాయనకు వాళ్లింట్లో పోయినేడు పుట్టిన బిడ్డ సంగతి తెలియదు. కాబట్టి అధికారులకు నేను చెప్పేది ఒకటే: రోజుకు ఇన్ని ఇళ్లు పూర్తి చేయాలన్న లక్ష్యం ఈ మండలాల్లో పెట్టకండి. తాళం వేసిన ప్రతి ఇంటికీ రెండోసారి, మూడోసారి వెళ్లడానికి రోజులూ, బస్సు ఖర్చులూ ఇవ్వండి.