‘పాసవుటయ్యాడు’ – టీకా తాత్పర్యం

మూలం: “మావాడు నిరుడే పాసవుటయ్యాడండీ.”

అవతారిక: పెళ్లిచూపుల్లో పిల్లవాడి తండ్రి పలికినది. ఉద్యోగం మాట రాకముందే చదువు మాట ఎత్తాడు గనక ఉద్యోగం లేదని ధ్వని.

ప్రతిపదార్థం: మావాడు = మా పుత్రరత్నము; నిరుడే = గతసంవత్సరముననే (ఖాళీగా ఉన్నది ఎంతోకాలం కాదని ఏవకారం); పాసు = ఉత్తీర్ణతను; అవుటు = బహిర్గమనమును; అయ్యాడు = పొందెను; అండీ = ఓ కాబోవు వియ్యంకుడా!

వ్యాకరణం: పాసు + అవుటు, అవుటు + అయ్యాడు, రెండుచోట్లా ఉకారసంధి. సంస్కృతంలో ఉపసర్గ ముందు నిలబడి ధాతువును తన దారికి ఈడ్చుకుపోతుంది. ‘హృ’ ధాతువు ఒక్కటే. ఆహారమూ అదే, సంహారమూ అదే. ఇంగ్లీషులో ఆ పెత్తనం వెనకనుంచి సాగుతుంది. అవుటు తీసి ‘అవే’ పెట్టి చూడండి, సంబంధం మాని ఫొటోకి దండ వెతుక్కోవాలి. వేదభాషలో ఉపసర్గ ధాతువు తర్వాతా రావచ్చు, నడుమ వేరే మాటలూ దూరవచ్చు అని పాణిని సెలవిచ్చాడు. కాబట్టి ‘పాస్ ద పేపర్స్ అవుట్’ (కాగితాలు పంచు) అన్నదాన్ని ఆర్షప్రయోగమని సరిపెట్టుకుందాం. కాగితాలైతే చివర కూర్చున్నా ఫర్వాలేదు. ‘దెమ్’ అనే సర్వనామం మాత్రం నడుమనే ఇరుక్కోవాలి. ఇటువంటి క్రియలు పరదేశులకు కొరుకుడు పడవని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు పీఠికలో ఒప్పుకున్నాడు. మహానుభావుడు!

తాత్పర్యం: మా అబ్బాయి బీటెక్ ముగించాడు.

పూర్వపక్షం: అమెరికావాడికి ఈ మాట చెబితే “అయ్యో, ఇప్పుడెలా ఉంది?” అంటాడు. వాడి దేశంలో పాసవుటు కావడమంటే స్పృహ తప్పడమే కదా?

సమాధానం: స్పృహ తప్పడం బ్రిటన్‌లోనూ ఉంది. అయితే సైనిక శిక్షణ ముగించి బయటికి రావడమనే అర్థమూ వాళ్లదే. మన పోలీసు కానిస్టేబుళ్ల పాసింగ్ అవుట్ పరేడ్ ఆ సంప్రదాయమే. ఆ కవాతు మైదానంలో ఎండకు కళ్లు తిరిగి పడినవాడి విషయంలో రెండర్థాలూ ఏకకాలంలో సిద్ధిస్తాయి, శ్లేష.

విశేషం: నాలుగు బ్యాక్‌లాగులతో కాలేజీ వదిలినవాడిని గురించి చెప్పినప్పుడు ‘అవుటు’ ఒక్కటే సార్థకం, ‘పాసు’ పాదపూరణం. వరుడు ఏ కోవలోవాడో మూలంలో లేదు. వధువు మేనమామ మార్కుల మెమో అడిగేదాకా వ్యాఖ్యాత ఊహించరాదు.

పాఠాంతరం: తెలంగాణ ప్రతుల్లో ‘పాసౌటయిండు’. డాలస్ ప్రతుల్లో ‘గ్రాడ్యుయేట్ అయ్యాడు’ అని ఉంది, అది ప్రక్షిప్తం.