“సంతకం పెట్టేసి బస్సెక్కెయ్”: మనం చెప్పే పెడ సలహాలు

రాజమండ్రి గోకవరం బస్టాండులో రంపచోడవరం బస్సు కోసం నిలబడ్డ కొండమనిషికి సలహా చెప్పనివాడు లేడు. ప్లీడరు చెబుతాడు, కండక్టరు చెబుతాడు, టీ కొట్టాయన చెబుతాడు. కోర్టు గుమాస్తాగా ముప్పయ్యేళ్ళు తిరిగిన నేనూ చెప్పాను. అన్నీ మంచి మనసుతో చెప్పినవే. చాలావరకు ఆ మనిషిని ఇంకో మెట్టు కిందికి దించినవే. పోలీసు కేసులు, కూంబింగులు, అడవిలో తుపాకులు, వీటి మధ్య బతికేవాళ్ళకు డెల్టాలో కూర్చున్న మనం ఏం చెబుతున్నామో ఒకసారి రాసి చూసుకుంటే మంచిదనిపించింది.

మొదటి సలహా నాదే. “సంతకం పెట్టేసి బస్సెక్కెయ్.”

2001లో మారేడుమిల్లి పైనుంచి ఒక కొండరెడ్డి పెద్దాయన మా ప్లీడరు గారి దగ్గరకు వచ్చాడు. నక్సలైట్ల దళానికి అన్నం పెట్టాడని కేసు. బెయిలు దొరికింది, షరతు మీద. వారానికోసారి స్టేషనుకు వెళ్ళి సంతకం పెట్టాలి. “ఎన్నాళ్ళు బాబూ?” అని అడిగాడు. “ఎన్నాళ్ళయితేనేం పెద్దయ్యా, సంతకం పెట్టేసి బస్సెక్కెయ్, నీ పనేం చెడిపోదు” అన్నాను. నాకు అది అరనిమిషం పని. ఆయనకు మూడు గంటలు కొండ దిగి రోడ్డుకు రావడం, బస్సుకు కాపు కాయడం, స్టేషనులో రాసుకునేవాడు వచ్చేదాకా చెట్టుకింద కూర్చోవడం, చీకటి పడ్డాక తిరిగి కొండెక్కడం. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. షరతు పడ్డ రోజు వాళ్ళ సంత రోజు. చింతపండు, కరక్కాయలు, కొండచీపుళ్ళు అమ్మి ఉప్పూ నూనే తెచ్చుకునేది ఆ ఒక్క రోజే. నాలుగు నెలలు సంత పోయింది.

అదైనా ఎలాగో సర్దుకునేవాడేమో. కానీ వారం వారం స్టేషను మెట్లెక్కే మనిషిని ఊరు చూస్తుంది. ఊరు చూసింది అడవికి తెలుస్తుంది. “ఎందుకెళ్తున్నాడు, ఏం చెప్పొస్తున్నాడు” అన్న మాట పుట్టింది. మన్యంలో ఆ మాట పుట్టాక ప్రాణానికి పూచీ ఉండదు. ఆయన సంతకానికి వెళ్ళడం మానేశాడు. మానేస్తే వారంటు వచ్చింది. అటు దళం భయం, ఇటు వారంటు భయం. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ చుట్టాల ఊరికి వెళ్ళిపోయారు. పోడు బీడుపడి, తర్వాత వేరేవాళ్ళ చేతికెళ్ళింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నవాళ్ళకే పట్టా అంది. ఆ తేదీన ఆయన తన కొండమీద లేడు. నేను తేలిగ్గా అనేసిన మాట అక్కడిదాకా వెళ్ళింది.

అప్పుడు చెప్పాల్సింది వేరు. షరతు సడలించమని అదే కోర్టులో పిటిషను వెయ్యొచ్చు. వారాన్ని నెల చెయ్యమనొచ్చు, రోజు మార్చమనొచ్చు, స్టేషను బదులు కోర్టులో పెడతాననొచ్చు. ఒక్క కాగితం పని. కొండమనిషికి సంత రోజు ఏదో అడగాలని మాకు తట్టలేదు, అంతే.

రెండోది అందరూ చెప్పేది. “తప్పు చెయ్యనోడికి భయమెందుకు?”

తలుపుకు గడియ లేని ఇల్లు. రాత్రి పదిమంది తుపాకులతో వచ్చి అన్నం వండమంటారు. వండకపోతే ఒక శిక్ష, వండితే తెల్లారి వచ్చే కూంబింగు పార్టీ వేసే శిక్ష. ఇందులో తప్పు చెయ్యకుండా ఉండే దారి ఏదో మనం చెప్పగలమా? ఇన్ఫార్మరన్న అనుమానంతో మావోయిస్టులు చంపిన వాళ్ళలో ఎక్కువమంది కొండవాళ్ళే. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు కాల్చిచంపిన అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ ఇద్దరూ గిరిజన నాయకులే. గన్‌మెన్లు ఉండే ఎమ్మెల్యేకే దిక్కు లేని చోట గడియ లేని ఇంటివాడిని ధైర్యంగా ఉండమనడం సలహా అనిపించుకోదు.

“పోలీసులొస్తే అడవిలోకి పారిపో” అనేవాళ్ళూ ఉన్నారు. పరుగెత్తేవాడే దళం మనిషని లెక్క. పైగా మగవాళ్ళు పరుగెత్తితే ఊళ్ళో మిగిలేది ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ.

ఇక్కడ వాకపల్లి గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఎందుకంటే ఆ ఊరి ఆడవాళ్ళకు అందరూ ఇచ్చిన సలహా ఒక్కటే. “కేసు పెట్టకండి, పరువు పోతుంది, మీవల్ల అయ్యే పని కాదు.” జి. మాడుగుల మండలంలో చిన్న కోదు పల్లె. 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది ఆడవాళ్ళు చెప్పారు. గ్రేహౌండ్స్ అంటే 1989లో నక్సలైట్లను ఎదుర్కోడానికి పెట్టిన ప్రత్యేక దళం. ఆ దళం పేరు ఎత్తి, సొంత ఊరి పేరుతో, ముఖాలు దాచుకోకుండా చెప్పారు. కేసు హైకోర్టుకు వెళ్ళింది, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. విచారణ త్వరగా ముగించమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. నిందితులను వదిలేస్తూనే, దర్యాప్తు సరిగా జరగలేదని అదే తీర్పులో చెప్పి, ఆ ఆడవాళ్ళకు నష్టపరిహారం ఇప్పించమంది.

పదహారేళ్ళ తిరుగుడు ఇది. దీన్ని చూపించి “చెప్పాంగా, ఏం ఒరిగింది” అనేవాళ్ళు మా కోర్టు వరండాలోనే ఉన్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. ఆ ఆడవాళ్ళు కేసు పెట్టకపోయి ఉంటే వాకపల్లిలో ఆ రోజు ఏమీ జరగలేదనే రికార్డు ఉండేది. ఇప్పుడున్న రికార్డులో, దర్యాప్తు చెయ్యాల్సినవాళ్ళు దాన్ని సరిగా చెయ్యలేదని ఒక జడ్జిగారి చేత్తో రాసుంది. కోదు ఆడవాళ్ళు తమ పని చేశారు. వాళ్ళను ఆపబోయిన వాళ్ళందరం సిగ్గుపడాలి.

ఇంకో సలహా ఉంది, చాలా పాతది. “చిన్నదేగా, ఓర్చుకో.” 1879 నాటికి రంప కొండల్లో కల్లుమీద చిగురుపన్ను పడింది. ఇంట్లోకి గీసుకునే జీలుగు కల్లుకు పన్నేమిటి అని కొండరెడ్లకు అర్థం కాలేదు. పైన పోలీసుల మామూళ్ళు, కింద వడ్డీవ్యాపారుల డిక్రీలు. రంపచోడవరం చుట్టూ మొదలైన తిరుగుబాటును అణచడానికి మద్రాసు పటాలాలే కాక హైదరాబాదు వైపునుంచి కూడా సైన్యాన్ని దించారు. పన్ను చిన్నదే, దాని వెనక ఉన్న అవమానం చిన్నది కాదు. మళ్ళీ 1922లో, గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయిస్తూ మన్యంవాళ్ళ చేత కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించుకున్నాడు. రోడ్డేగా, అందరికీ మంచిదేగా అని అప్పుడూ ఎవరో ఒకరు సర్దిచెప్పే ఉంటారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న మన రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు అల్లూరి సీతారామరాజు మనుషుల చేతికెళ్ళాయి. ఆ తర్వాత రెండేళ్ళు మలబారు పోలీసులూ చివర్లో అస్సాం రైఫిల్సూ ఆ కొండల్లో ఉన్నారు. 1924 మేలో రాజును కొయ్యూరు దగ్గర కాల్చేదాకా ఊళ్ళు పడ్డ బాధ ఏ లెక్కలోనూ పూర్తిగా లేదు.

ఆ రాజు విగ్రహం లేని కూడలి మన రెండు గోదావరి జిల్లాల్లో తక్కువ. 2022 ఏప్రిల్‌లో పాడేరు, రంపచోడవరం, చింతూరు కలిపి ఏర్పాటు చేసిన జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం. ఆయన ఎవరి కూలి కోసం లేచాడో ఆ మనిషి మనవడు ఇవాళ స్టేషను నుంచి కాళ్ళీడ్చుకుంటూ వస్తే మాత్రం “ఓర్చుకో” అంటున్నాం. ఈ రెండూ ఒక నోటితో ఎలా అనగలుగుతున్నామో నాకు తెలియడం లేదు.

“ఊరు ఖాళీ చేసి కిందికి వచ్చెయ్, గొడవ ఉండదు” అన్నది మరో సలహా. దీన్ని సర్కారే అమలు చేసి చూపించింది, మన పక్కనే. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళకు ఊళ్ళను రోడ్డుపక్క శిబిరాలకు తరలించారు. అక్కడికి వెళ్ళలేనివాళ్ళు, వెళ్ళదలచనివాళ్ళు శబరి నది దాటి ఇటు వచ్చారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం అడవుల్లో మనం గుత్తికోయలంటున్నది వాళ్ళనే. గొడవ లేకుండా ఉన్నారా? పోడు కొట్టుకుంటే ఫారెస్టువాళ్ళు గుడిసెలు పీకారు. పిల్లల్ని బడిలో వేస్తే కులం సర్టిఫికెట్టు దగ్గర చిక్కు, అటు ఎస్టీలు, ఇటు కారు. అటు వెళ్తే పోలీసులకు అనుమానం, ఇటు ఉంటే ఇక్కడి పోలీసులకూ అనుమానం. ఆదివాసీ కుర్రాళ్ళకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులను చెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పు వచ్చింది, పల్లెలు తిరిగి నిలబడలేదు. ఊరంటే గుడిసెలు కావు. తాతల సమాధిరాళ్ళు, ఇప్పచెట్లు, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలిసిన కళ్ళు, అన్నీ కలిస్తే ఊరు.

ఇక మనలో మనం ఇచ్చుకునే సలహా. “మనకెందుకు, అది అడవిలో సంగతి.”

ఆదివారం మారేడుమిల్లి వెళ్ళి బొంగులో చికెన్ తిని వస్తాం. పాపికొండల లాంచీ ఎక్కుతాం. రాజమండ్రి పేపరుమిల్లు ఎన్నో ఏళ్ళు ఆ కొండల వెదురు మీద నడిచింది. మన కాలవల్లో పారే నీరు ఆ కొండల పక్కనుంచి వస్తోంది. అదే మారేడుమిల్లి అడవిలో 2025 నవంబర్ 18న మావోయిస్టు నాయకుడు మడవి హిడ్మా, ఆయన భార్య, మరో నలుగురు ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. “ఇక పీడ వదిలింది” అన్నారు మా వీధిలో. ఎవరికి వదిలింది అని అడగాలి. ఎదురుకాల్పుల్లో మనిషి చనిపోతే ఎఫ్‌ఐఆర్ రాయాలి, కాల్పుల్లో పాల్గొనని వేరే పోలీసు విభాగం దర్యాప్తు చెయ్యాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి అని 2014లో సుప్రీంకోర్టు రాసిపెట్టింది. చనిపోయినవాళ్ళు ఎవరైనా సరే అది జరగాలని అడిగేవాళ్ళు డెల్టాలో పదిమంది ఉంటే, పైనున్న పల్లెలో కూంబింగు పార్టీ ఇంకొంచెం జాగ్రత్తగా నడుచుకుంటుంది. ఇది నా నమ్మకం.

కొండమనిషికి ఏమీ చెప్పకూడదని కాదు నా ఉద్దేశం. చెప్పాల్సినవి కొన్నే ఉన్నాయి, అవి గట్టిగా చెప్పాలి. పట్టుకెళ్ళినవాళ్ళను ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, దారిలో పట్టిన సమయం మినహాయించి. ఎక్కడ పెట్టారో ఇంటివాళ్ళకు చెప్పాలి. సాక్ష్యం చెప్పమని ఆడవాళ్ళనూ, అరవై దాటినవాళ్ళనూ, పదిహేనేళ్ళలోపు పిల్లల్నీ స్టేషనుకు పిలవకూడదు, వాళ్ళ ఇంటికే వచ్చి అడగాలి. దర్యాప్తులో రాసుకునే వాంగ్మూలం కింద సాక్షి సంతకం పెట్టనక్కర్లేదు. తెల్లకాగితం మీద అసలే పెట్టకూడదు. ఎస్టీ అయితే ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ప్లీడరును ఉచితంగా ఇవ్వాలి, 1987 నాటి చట్టం అది. ఇవన్నీ కోయలోనో కోదులోనో చెప్పగలిగినవాడు పక్కనుంటే ఇంకా మంచిది. తెలుగు కూడా వాళ్ళలో చాలామందికి రెండో భాషేనని మనం మరిచిపోతుంటాం.

రిటైరయ్యాక కూడా కోర్టు దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. కొండనుంచి ఎవరైనా బెయిలు కాగితం పట్టుకొస్తే కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపిస్తాను, అర్థమైందో లేదో తిరిగి చెప్పమంటాను. దానికంటే ముందు ఒక మాట అడుగుతాను, మీ ఊరి సంత ఏ రోజు అని. సంతకం ఆ రోజున పడకుండా పిటిషనులో మొదటి వాక్యంగా అదే రాయిస్తాను.